సగం దించిన షట్టరు

నేను రిటైరయ్యానని చెబితే మా పిన్ని నవ్వుతుంది. ఉద్యోగమే చేయనిదానివి ఎక్కడ రిటైరయ్యావని ఆమె ప్రశ్న. నాకింకా ముప్పయ్యేళ్లు నిండలేదు. కోయిలకుంట్లలో మా అంగడి వెనక గదిలో కూర్చొని ఆరేళ్ల పాటు చేసిన ఫ్రీలాన్స్ పనిని పోయిన ఏడాది వదిలేశాను. ఇప్పుడు మైదుకూరులో పిన్ని ఇంట్లో ఉంటూ ఒక బడి లైబ్రరీలో పనిచేస్తున్నాను. గంట కొడితే వెళ్లాలి, గంట కొడితే రావాలి. హాయిగా ఉంది.

ఇంట్లో కూర్చొని లాప్‌టాప్ మీద పని చేసుకునే అమ్మాయిలు మన ఊళ్లలో ఎక్కువయ్యారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడుగుతుంటారు. టైము ఎట్లా కుదుర్చుకోవాలి, ఏ పని ముందు చేయాలి, ఏ పుస్తకం చదవాలి అని. నోటితో సలహా చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఒక సోమవారం సంగతి రాస్తున్నాను. ఆ రోజు పేజీ డైరీలో ఉంది కాబట్టి వివరాలు పెద్దగా తప్పిపోవు.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. నాకు పని ఇచ్చేవాళ్లు ముగ్గురు. ఒక కోచింగ్ సెంటరు వాళ్ల వీడియో పాఠాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసేదాన్ని. ఒక ఫోను యాప్ కంపెనీకి అనువాదాలు చేసేదాన్ని. మూడోది కర్నూలులోని ఒక చిన్న సేవాసంస్థ. కోసిగి వైపు పల్లెల్లో వానలు తప్పిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకు వెళ్లిపోతాయి. పిల్లలు కూడా వెళ్తే ఆ ఏడు వాళ్ల చదువు పోయినట్టే. అందుకని ఆ కొన్ని నెలల కోసం బడి దగ్గరే ఒక హాస్టలు నడుస్తుంది. అందులో పిల్లను ఉంచాలంటే ఒక ఫారం నింపి, దాని మీద తల్లో తండ్రో సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. వాళ్లు ఊరు దాటాక ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆ ఊళ్లలో సంస్థ తరఫున తిరిగేది ఒకామె. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆమెకు రాయడం అలవాటు లేదు. పిల్లల పేర్లు, తరగతి, తల్లిదండ్రుల వివరాలు వాయిస్ మెసేజీల్లో చెప్పేది. నేను విని ఫారం నింపి పంపితే, ఆమె కోసిగిలో జిరాక్స్ అంగడికి పోయి ప్రింటు తీయించి, సంతకం పెట్టించి హెడ్మాస్టరుకు ఇచ్చేది. నన్ను మేడం అనేది, నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆ సోమవారం నాటికి ఎనిమిది నెలలుగా కలిసి పనిచేస్తున్నాం. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఫోనులో మాట్లాడుకోలేదు.

తప్పు ఆమెది కాదు. నాకు ఫోనంటే భయం. చిన్నప్పుడు నాయన భోజనానికి వెళుతూ అంగట్లో కూర్చోమంటే, ఎవరైనా వచ్చే అలికిడి వినగానే బియ్యం బస్తాల వెనక్కు పోయేదాన్ని. వాళ్లు రెండుసార్లు పిలిచి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత బయటికి వచ్చి మళ్లీ పుస్తకం తీసేదాన్ని. ఫ్రీలాన్స్ పనిలోకి దిగడానికి అసలు కారణం ఇదే. ఇంటర్వ్యూల్లో అడిగితే వేరే కారణాలు చెప్పేదాన్ని, అవి కూడా రాసిపెట్టుకొని.

ఇక ఒక పుస్తకం సంగతి. కడపలో పాత పుస్తకాలమ్మే చోట అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. తక్కువ గంటలు పనిచేసి ఎక్కువ ఎట్లా సాధించాలో, మన రోజును మనమే ఎట్లా మలుచుకోవాలో చెప్పే రకం. బస్సులోనే సగం చదివేశాను. ఒకే జాతి పనులన్నీ కుప్పగా పెట్టుకొని ఒకేసారి చేయాలి. మెసేజీలు రోజుకు రెండుసార్లకు మించి చూడకూడదు. ఎవరు రాసినా, ఫలానా వేళకు చూస్తానని దానంతటదే జవాబు వెళ్లేలా పెట్టుకోవాలి. ఈలోపు చిన్న చిన్న నష్టాలు జరిగితే జరగనివ్వాలి. చదువుతుంటే నన్నెవరో అర్థం చేసుకున్నట్టు అనిపించింది. ఇన్నాళ్లూ పిరికితనమనుకున్నదాన్ని ఆ పుస్తకం క్రమశిక్షణ అంటోంది.

మరుసటి రోజు నుంచే మొదలుపెట్టాను. పదకొండుకు ఒకసారి, మూడుకు ఒకసారి ఫోను చూస్తాను. మిగతా వేళల్లో చప్పుడు రాకుండా చేసి, పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువా మీద పెడతాను. సోమవారం సాయంత్రం ఫారాలు, మిగతా రోజుల్లో సబ్‌టైటిల్స్, అనువాదాలు. రెండు నెలలు గొప్పగా నడిచింది. పని త్వరగా తెమిలేది, మధ్యాహ్నాలు నవలలు చదువుకునేదాన్ని. ఆ రెండు నెలల డైరీ ఇప్పుడు చదివితే ఒక్క మనిషీ కనిపించడు. అంతా గంటలే.

ఆ ఉత్సాహంలో మా నాయనను కూడా సంస్కరించబోయాను. ఆయన మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అంగడి షట్టరు సగం దించి, లోపల చాప మీద పడుకుంటాడు. ఎవరో ఒకరు వంగి చూసి, శెట్టీ, పావుకిలో బెల్లం అంటారు. లేచి ఇస్తాడు, మళ్లీ పడుకుంటాడు. పూర్తిగా దించేసి హాయిగా నిద్రపోవచ్చు కదా అని అడిగాను.

"పూర్తిగా దించితే అంగడి లేదనుకుంటారమ్మా. సగం దించితే శెట్టి పండుకున్నాడనుకుంటారు. అవసరం లేనోడు ఎల్లిపోతాడు. అవసరమున్నోడు వంగుతాడు" అన్నాడు.

ఆ రోజు డైరీలో, నాయనకు పద్ధతి లేదు అని రాసుకున్నాను.

సోమవారానికి రెండు రోజుల ముందు అక్క దగ్గర నుంచి మెసేజీ వచ్చింది. రెండు కుటుంబాలు బయలుదేరుతున్నాయి, ఇద్దరు ఆడపిల్లలకు ఫారాలు కావాలి. ఒకమ్మాయి ఎనిమిదో తరగతి, ఇంకొకమ్మాయి ఆరు. మంగళవారం బండి పంపుతానని కూలీలను తీసుకెళ్లే మేస్త్రి చెప్పాడట. నా పట్టికలో సోమవారం సాయంత్రం ఫారాల వేళ. బండి మంగళవారం. సరిగ్గా సరిపోయిందని రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ మంగళవారం నాడు నన్ను బస్సెక్కనివ్వదు. కడపకు పోవాలన్నా, నంద్యాలకు పోవాలన్నా సోమవారమో బుధవారమో. మా వీధిలో ఎవరింట్లోనూ మంగళవారం పయనం ఉండదు. నెలల తరబడి ఇల్లు విడిచిపోయేవాళ్లు మంగళవారం గడప దాటుతారా అని నాకు తట్టాలి. ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తడుతుంది. నాకు పట్టికలో గడి కనిపించింది, గడప కనిపించలేదు.

ఆ సోమవారం పదకొండుకు ఫోను చూశాను. ఏమీ లేదు. డబ్బాలో పెట్టేశాను. ఆ రోజు పని చాలా బాగా సాగింది. డైరీలో అది కూడా రాసి ఉంది.

మూడుకు డబ్బా మూత తీస్తే అక్క నుంచి ఆరు మెసేజీలున్నాయి. మొదటిది పదకొండూ ఇరవైకి పంపింది. మంగళవారం కదిలేది లేదని ఊళ్లోవాళ్లు అనడంతో మేస్త్రి బండిని ఈ రోజుకే మార్చాడు, ఒంటిగంటకు వస్తుంది, ఫారాలు కావాలి. రెండోది, ఇంకా రాలేదు అని. మూడోది కోసిగి జిరాక్స్ అంగడి నుంచి, వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది. నాలుగోది కూడా అక్కడినుంచే. అంగడాయన అన్నానికి పోతానంటున్నాడు, బతిమాలి ఆపాను అని. ఐదో దాంట్లో మాటల్లేవు, పొరపాటున నొక్కినట్టుంది. నడుస్తున్న చెప్పుల చప్పుడు మాత్రం ఉంది. ఆరోది ఒకటీ నలభైకి.

"పోయినారు మేడం. మీరు పనిలో ఉండారేమో. ఏం పర్వాల్యాదులే."

ఆమె పంపిన ప్రతి మెసేజీకీ, రోజుకు రెండుసార్లే చూస్తానని, అత్యవసరమైతే ఫోన్ చేయమని నా పేరుతో జవాబు వెళ్లింది. ఆరుసార్లు. ఆమె దాన్ని చదవలేదు. బ్యాంకువాళ్లు పంపే మెసేజీలాంటిదనుకున్నానని తర్వాత చెప్పింది.

ఆమెకు ఫోన్ చేశాను. ఎవరని అడిగింది. ఫారాలు నింపేదాన్నని చెప్పాను.

"మేడమా? శానా చిన్నపిల్ల గొంతుండాదే."

సోమవారమే ఎందుకు వెళ్లారక్కా అని అడిగాను, మెసేజీలోనే తెలిసిపోయినా.

"మంగళారం ఎవురన్నా పయనం పోతారా మేడం? మేస్త్రి ఈడోడు కాదు, ఆయప్పకు తెల్దు. మీకు తెల్సనుకుంటి."

తర్వాత మిగతా సంగతి చెప్పింది. ఎనిమిదో తరగతి పిల్ల తల్లి ఫారం కోసం ఆ పూటే మూడుసార్లు ఆమె ఇంటికి వచ్చి వెళ్లింది. ఆరో తరగతి పిల్లకు ఒక చంటి తమ్ముడున్నాడు. తల్లి చేలో ఉంటే వాణ్ణి ఎత్తుకునేది ఈ పిల్లే. అందుకని పొద్దున్నే ఆ పిల్ల వాళ్లవ్వను అక్క ఒప్పించింది, పిల్ల బదులు తాను వెళ్లి చంటోణ్ణి చూసుకుంటానని. అవ్వ మంచి కోక కట్టుకొని, మూట కట్టుకొని అరుగు మీద కూర్చుంది. ఫారం రాలేదు. అవ్వను అరుగు మీదే వదిలి పిల్లను ఎక్కించారు.

మేస్త్రి నంబరు ఇమ్మన్నాను. డైరీలో ఏం మాట్లాడాలో నాలుగు వాక్యాలు రాసుకొని, నిలబడి ఫోన్ చేశాను. కూర్చుంటే పెట్టేస్తానని భయం. రాసుకున్న రెండో వాక్యం దగ్గరే ఆయన అడ్డుకున్నాడు. కాగితం ముందే ఇవ్వొచ్చు కదా, రోడ్డెక్కాక ఇప్పుడేంటి అన్నాడు. దానికి నా దగ్గర రాసుకున్న వాక్యం లేదు.

"ఇవ్వాల్సింది నేనేనండీ. ఇవ్వలేదు" అన్నాను.

ఆయన ఎవరితోనో ఏదో అని మళ్లీ లైన్లోకి వచ్చాడు. "నంద్యాల దాటగానే బంకులో డీజిలు కొట్టిస్తాం. ఆరున్నర అవుద్ది. వస్తే రామ్మా. నేను మాత్రం ఎవరి కోసం ఆపను."

రెండు ఫారాలు నింపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇరవై నిమిషాల పనే అది, పదకొండున్నరకు చేసినా ఇరవై నిమిషాలే. వీధి చివర ప్రింటు తీయించుకొని తిరిగి వచ్చేసరికి అంగడి షట్టరు సగం దించి ఉంది. వంగి, నాయనా అని పిలిచాను. ఆ వేళప్పుడు నేను బయట నుంచి పిలవడం అదే మొదటిసారి. ఆయన లేచి కూర్చొని నా చేతిలో కాగితాలు చూశాడు. చెప్పిందంతా విన్నాడు. ఎన్నింటికి అక్కడుండాలని మాత్రం అడిగాడు. సరుకులు తెచ్చుకునే లగేజీ ఆటో తీసి, షట్టరు పూర్తిగా కిందికి లాగి తాళం వేశాడు. ఎదురింటాయన బయటికి వచ్చి, "ఏమప్పా, ఎవురికన్నా బాగలేదా?" అని కంగారుగా అడిగాడు.

దారిలో ఒకే మాట అన్నాడు నాయన. ఆ డబ్బాలో ఫోను పెట్టే సంగతి మీ అమ్మ చెప్పింది, బిస్కెట్లు దాచుకుంటాండావేమో అనుకుంటి అని. నవ్వాలనిపించింది, నవ్వు రాలేదు.

మేం బంకుకు చేరి పది నిమిషాలకు ఆ బండి వచ్చింది. మనుషులు, గిన్నెలు, మూటలు, ఒక మేకపిల్ల. పెద్దపిల్ల తల్లి దిగి వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా ఆ మేడం? ఇంగా పంపలే, ఇంగా పంపలే అంటాంటే ఎవురో పెద్దామె అనుకుంటి."

ఫారం ఇచ్చాను. ఆటో మీద పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేసింది. చేసి, కాగితం నా చేతికివ్వకుండా పట్టుకుంది. పిల్లను ఎట్లా పంపాలని అడిగింది. ఈ పొద్దు దాకా మొహం చూడని మనిషి వెంట పిల్లను ఎవరైనా పంపుతారా? ఆమె అడిగింది న్యాయం. ఎనిమిది నెలల్లో ఒక్కసారి ఆ ఊరికి పోయి ఉంటే ఆ ప్రశ్న ఉండేది కాదు. అక్కకు ఫోన్ చేసి ఇచ్చాను. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాయన మా అంగడి ఎక్కడో గుర్తులు చెప్పాడు, బస్టాండులో ఎవరినడిగినా చెబుతారన్నాడు. ఆమె నాయనను చూసింది, నన్ను చూసింది, పొద్దు వాలుతున్న వైపు చూసింది.

"రేపు మంగళారం. కదిలితే ఈ పొద్దే కదలాల. దిగు పాపా" అంది కూతురితో.

ఆ అమ్మాయి సంచీతో దిగింది. తల్లి నా నంబరు చెప్పించుకొని కూతురితోనే తన ఫోనులో ఎక్కించుకుంది. ఎక్కించాక నన్ను అడిగింది.

"నేను జేస్తే ఎత్తుతావా?"

ఎత్తుతానన్నాను.

రెండో తల్లి బండి దిగలేదు. ఆరో తరగతి పిల్ల చంటోణ్ణి చంకనేసుకొని ఆమె పక్కనే నిలబడి ఉంది. నేను ఫారం పైకి అందించాను. ఆ తల్లికి కోపం లేదు. "దీన్ని దించితే వీన్నెవురు ఎత్తుకుంటారమ్మా? అవ్వ ఊర్లోనే ఉండిపాయె. నాకుండేవి రెండు చేతులే గదా" అంది. ఆ పిల్ల చేయి చాపి కాగితం తీసుకుంది. బంకు దీపాల వెలుతురులో తన పేరు అచ్చులో ఎక్కడుందో వెతికి చూసుకుంది. చూసుకొని తిరిగి ఇచ్చేసింది. మేస్త్రి కేకేశాడు. బండి వెళ్లిపోయింది.

మంగళవారమంతా పెద్దమ్మాయి మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ కూడా ఆ రోజు కదలనివ్వలేదు. పొద్దున పదకొండు దాటాక అలవాటు కొద్దీ ఫోనును డబ్బాలో పెడుతుంటే ఆ అమ్మాయి చూసింది. ఎందుకక్కా అందులో పెడతావంది. మోగుతుంటే పని సాగదని చెప్పాను.

"మరి మాయమ్మ జేస్తే?"

తీసి బల్ల మీద పెట్టాను. బుధవారం ఇద్దరం బస్సుల్లో కోసిగికి పోయాం. అక్క ఎదురొచ్చి నన్ను చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ రోజు నుంచి మేడం పోయి పాపా అయింది. ఆ అవ్వ ఇంటికి కూడా తీసుకుపోయింది. అవ్వ నాకు మజ్జిగ ఇచ్చింది. కట్టిన మూట ఇంకా విప్పలేదు, మూలన ఉంది. నేను ఎవరినని అవ్వ అడిగితే అక్క, కాగితాలు రాసే పిల్ల అని చెప్పి ఊరుకుంది.

ఆ పుస్తకాన్ని నేను పారేయలేదు. అందులో అబద్ధం లేదు. అది రాసినాయన ప్రపంచంలో ఒక మెసేజీ చూడకపోతే ఇంకో మెసేజీ వస్తుంది, ఒక బండి పోతే ఇంకో బండి ఉంటుంది. అది సలహా ఇచ్చింది, నేను దాన్ని దాక్కోవడానికి బియ్యం బస్తాగా వాడుకున్నాను. ఆ తర్వాత కూడా మెసేజీలు రోజుకు రెండుసార్లే చూసేదాన్ని. కోచింగ్ సెంటరు వాళ్లకు, యాప్ వాళ్లకు ఆ లెక్కే. కానీ ఐదారు నంబర్లు మాత్రం ఎప్పుడు చేసినా మోగేలా పెట్టుకున్నాను. పెద్దమ్మాయి తల్లి ఆ సీజనంతా ఫోన్ చేసింది, నేను మంచి పనిలో ఉన్న వేళలే చూసుకొని. హాస్టల్లో ఏం పెట్టారు, పిల్లకు జ్వరం తగ్గిందా, పరీక్ష ఎప్పుడు. రెండు నిమిషాల మాటలే. నాకు తెలియనివి అక్కను అడిగి చెప్పేదాన్ని. అట్లా అడగడం కోసం రోజూ ఇంకొకరికి ఫోన్ చేయాల్సి వచ్చేది. భయం పోలేదు. నిలబడి మాట్లాడటం మాత్రం అలవాటైంది.

మీరు అడిగే సలహా ఇందులో ఎక్కడో ఉండాలి. నేనైతే మా నాయన చెప్పినంత బాగా చెప్పలేను.

చిన్నపిల్ల వేసవిలో తిరిగొచ్చింది. మళ్లీ వలసల కాలం రాకముందే, ఎవరూ అడగకుండానే, ఆమె పాత ఫారం అందరికంటే ముందు తీశాను. వాళ్లవ్వతో, తల్లితో నేనే ఫోనులో మాట్లాడాను. పేరు, ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు. తరగతి అన్న గడి దగ్గర ఆగాను. హాజరు లేక ఆ పిల్ల మళ్లీ ఆరులోనే కూర్చుంది. అంటే ముందటి ఏడాది ఫారంలో మార్చాల్సింది తేదీ ఒక్కటే. పద్ధతి ప్రకారమైతే పాతదాని మీద తేదీ మార్చి పంపితే ఒక నిమిషంలో అయిపోయేది.

కొత్త ఫారం తీసుకొని, మొదటి గడి నుంచి మళ్లీ నింపాను.